పాత ఇళ్లనూ పాత స్నేహితులనూ చూడడానికి మోటార్‌హోమ్‌లో మూడు నెలలు: అనుభవజ్ఞుల సలహా కావాలి

ప్రశ్న

నేను నిరుడు ఉద్యోగ విరమణ చేశాను. నా భార్య అంతకు రెండేళ్ల ముందే చేసింది. తరచూ బదిలీలు అయ్యే ఉద్యోగం కావడం వల్ల 34 ఏళ్లలో 7 ఇళ్లలో కాపురం ఉన్నాము. ఇప్పుడొక మోటార్‌హోమ్ (లోపలే పడక, వంటగది ఉండే పెద్ద వాహనం) తీసుకుని, మొదటి కాపురం పెట్టిన ఇంటి నుంచి చివరి ఇంటి వరకు వరుసగా చూస్తూ, ఆయా చోట్ల ఉన్న స్నేహితులను పలకరిస్తూ మూడు నెలలు తిరగాలని అనుకుంటున్నాము. ఇద్దరికీ కారు నడపడం బాగా వచ్చు గాని అంతకంటే పెద్ద వాహనాన్ని ఎన్నడూ నడపలేదు. నా భార్య రోజూ ఇన్సులిన్ తీసుకుంటుంది.

ఎంత పెద్ద వాహనం తీసుకోవాలి? స్నేహితుల ఇంట్లో పడుకోవడం మంచిదా, వాహనంలోనే పడుకోవడం మంచిదా? ఇప్పుడు వేరెవరో ఉంటున్న ఇంటికి వెళ్లి తలుపు తట్టవచ్చునా?

జవాబు 1

మేమిద్దరం ఆరేళ్లుగా ఇలాగే తిరుగుతున్నాము. సాధారణంగా అందరూ లోపల మంచం ఎంత ఉంది, వంటగది ఎంత ఉంది అని చూసి వాహనాన్ని ఎంచుకుంటారు. మీరు మాత్రం వెళ్లబోయే వీధులను తలచుకుని ఎంచుకోండి. పాత ఇళ్లు ఎక్కువగా పాత వీధుల్లోనే ఉంటాయి. 6 మీటర్ల వాహనం తిరిగిన మలుపులో 8 మీటర్లది ఇరుక్కుపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు, వెనుక చక్రాలు దాటి బయటికి పొడుచుకు వచ్చే భాగంతో వస్తుంది. మీరు కుడివైపు తిప్పితే ఆ తోక ఎడమవైపు ఊగి, పక్కనున్న గోడనో గేటు స్తంభాన్నో గీస్తుంది. కారు నడిపిన అలవాటు ఈ విషయంలో ఏమీ పనికిరాదు. పై కప్పు మీద ఉన్న ఏసీనీ సోలార్ పలకలనూ కలుపుకుని మొత్తం ఎత్తును కొలిచి, ఆ అంకెను స్టీరింగ్ ముందు అంటించుకోండి.

బరువు సంగతి చాలామంది చివరికి గాని గుర్తించరు. 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు. దానికి మీరిద్దరూ, గ్యాస్ సిలిండరూ, పాత్రలూ, స్నేహితులకు ఇద్దామని పట్టుకెళ్లే సామానూ తోడైతే, అనుమతించిన బరువు మీరు గమనించకుండానే దాటిపోతుంది. సామానంతా ఎక్కించిన తరువాత ఒకసారి వేబ్రిడ్జి మీద తూకం వేయించండి. పాత వాహనమైతే టైరు అంచున ఉండే నాలుగు అంకెలను చదవండి: 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఎక్కువ కాలం ఎండలో నిలిపి ఉంచిన మోటార్‌హోమ్ టైర్లు, అరగకపోయినా పగుళ్లిస్తాయి.

కొనకముందు ఒక వారం అద్దెకు తీసుకుని నడిపి చూడండి. మాలో నాకు నచ్చిన వాహనం నా భార్యకు రెండో రోజుకే నచ్చలేదు.

జవాబు 2

ఇన్సులిన్ గురించి, నేను కూడా తీసుకునేదాన్ని కాబట్టి, చెబుతున్నాను. తెరవని మందును 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఒకసారి గడ్డకట్టిన మందును కరిగించి వాడకూడదు. వాహనాల్లోని చిన్న ఫ్రిజ్‌లలో వెనుక గోడ దగ్గర చల్లదనం ఎక్కువ, కనుక మందును తలుపు వైపు పెట్టి, పక్కనే చిన్న థర్మామీటరు ఉంచండి. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ అయితే వాహనం ఏటవాలుగా నిలిచినప్పుడు సరిగా చల్లబడదు. ఈ కారణం చేతనే మేము ఇళ్లలో ఉండేలాంటి కంప్రెసర్ ఫ్రిజ్‌కు మారాము. కాని దానికి కరెంటు కావాలి. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 1200 వాట్ అవర్లు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే అందులో సగమే వాడుకోవడం క్షేమం. సోలార్ పలకలు లేకపోతే, నిలిపిన చోట అది ఒక రోజు గడిపితే గొప్ప.

ఇక పడక విషయం. స్నేహితుల ఇంట్లో భోజనం చేయండి, కబుర్లు చెప్పుకోండి, పడుకోవడానికి మాత్రం వాహనంలోకి వచ్చేయండి. మన వయసు వాళ్లు రాత్రి మూడుసార్లు లేస్తారు, ఒకరు నాలుగింటికే దీపం వేస్తారు, ఇంకొకరు తొమ్మిదింటికే తలుపు మూసుకుంటారు. ఈ అలవాట్లతో ఒకే ఇంట్లో రెండు జంటలు ఇమడడం కష్టం. ఎప్పుడు వస్తున్నామో చెప్పే ఫోనులోనే ఎప్పుడు బయలుదేరతామో కూడా చెప్పేయండి, లేకపోతే వెళ్లమని వారు అనలేరు, వెళతామని మీరు అనలేరు. వారి ఇంటి నుంచి కరెంటు తీసుకుంటే చుట్టగా ఉన్న తీగను పూర్తిగా విప్పండి; చుట్టలోనే ఉంచి వాడితే అది వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది.

జవాబు 3

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తాను, కాని మీరు వేసుకున్న వరుసతో ఏకీభవించలేను. మేము కూడా ఇళ్ల వరుసలోనే వెళ్లాము. మూడో ఇల్లు చూసి నాలుగో ఊరు చేరేసరికి, ఇరవై ఏళ్లు మా పక్కింట్లో ఉన్న పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టే స్థితిలో లేరు. నెల ముందు వరకు మా పేర్లు చెప్పేవారని ఆయన కూతురు చెప్పింది. ఆ ఊరికే ముందు వెళ్లి ఉంటే మా ప్రయాణానికి వంద కిలోమీటర్లు పెరిగేవి, అంతే. అందుచేత స్నేహితుల జాబితా వేసుకుని, వయసూ ఆరోగ్యమూ చూసి ముందుగా కలవవలసినవారిని ముందు పెట్టండి. ఇళ్లను ఆ దారిలో ఇరికించండి.

పాత ఇంటికి చెప్పకుండా వెళ్లకండి. రెండు వారాల ముందు, మీరెవరో, ఏ సంవత్సరాల్లో అక్కడ ఉన్నారో రాసి ఒక ఉత్తరం పంపండి. ఆ ఇంటి పాత ఫోటో ఉంటే ఒక ప్రతిని జత చేయండి. మాకు రెండు ఇళ్లలో ఆహ్వానం దొరికింది, రెండూ ఫోటో పంపిన చోట్లే. లోపలికి పిలిస్తే, పూర్వం ఇక్కడ ఫలానా చెట్టుండేదని, ఆ గోడ ఎందుకు పడగొట్టారని అడగకండి. (నేను అడిగాను. ఇంటావిడ మౌనంగా ఉండిపోయింది.)

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి మేమిద్దరం కూర్చుని 11 పేర్లు రాశాము. ఆ ప్రకారం మా ప్రయాణం ఐదో ఇంటి నుంచి మొదలవుతుంది. ముందుగా 6 మీటర్ల వాహనాన్ని ఒక వారం అద్దెకు తీసుకుంటున్నాము. చివరగా ఒక చిన్న సందేహం: స్నేహితుల ఇంటి వద్ద మురుగునీటిని ఎక్కడ వదలాలి?

జవాబు 1

గిన్నెలు కడిగిన నీటిని వారిని అడిగి, వారు చూపిన కాలువలో వదలండి. వాన నీటి కాలువలో వద్దు. మరుగుదొడ్డి ట్యాంకును మాత్రం వారి ఇంట్లో ఖాళీ చేయకండి. అందులో వాడే కొన్ని మందులు సెప్టిక్ ట్యాంకులోని సూక్ష్మజీవులను చంపేస్తాయి. అందుకోసం కేటాయించిన చోటు దొరికే వరకు నింపుకోకుండా ఉండాలంటే, ఆ రెండు రోజులూ వారి ఇంటి మరుగుదొడ్డినే వాడుకోండి.