చక్కెర ఎగుమతులపై ఆంక్ష ఎత్తేయాలా, ఉంచాలా?

చెరకుతోట (మారతహళ్ళి): 2021–22 సీజన్‌లో (అక్టోబర్ నుంచి సెప్టెంబర్ దాకా) మన దేశం దాదాపు 110 లక్షల టన్నుల చక్కెర బయటికి పంపింది. మరుసటేడు సుమారు 60 లక్షలు. 2023–24లో అనుమతే లేదు. 2024–25కి 10 లక్షలన్నారు, అదీ జనవరిలో, క్రషింగ్ జోరుగా సాగుతుండగా. ఆంక్ష మొత్తం ఎత్తేయాలంటాను. మీరేమంటారు?

మిఠాయికొట్టు (జయనగర్): నేనొప్పుకోనండి. 2023 ఆగస్టులో కురిసినంత తక్కువ వాన 1901 నుంచి ఏ ఆగస్టులోనూ లేదు. కర్ణాటక, మహారాష్ట్రల్లో చెరకు దెబ్బతింది. అదే ఏడు న్యూయార్క్‌లో ముడి పంచదార పౌను 28 సెంట్ల దాకా ఎగబాకింది. గేటు తెరిచి ఉంటే సరుకంతా ఓడలెక్కేది. మైసూర్‌పాక్ ధర పెంచిన రోజు, అరకిలో కొనే మనిషి బోర్డు చూసి పావుకిలో చాలంటాడు. ఆ ముఖం చూడాల్సింది నేను.

చెరకుతోట: అన్నా, కరువేడు ఆపడం తప్పనను. కానీ ఆంక్ష పెట్టింది 2022 జూన్ 1న, కరువుకి ఏడాది ముందు. మొదట అక్టోబర్ దాకా అన్నారు, తర్వాత ఇంకో ఏడాది, ఆపైన గడువే తీసేశారు. మాది చిత్తూరు పక్క రెండెకరాల చెరకు. మా నాయన తూకం చీటీలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి దేవుడి పటం వెనక పెట్టేవాడు. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బివ్వాలని 1966 నాటి ఆర్డర్ చెబుతోంది. ఒక ఏడు మాకు ఏడు నెలలు పట్టింది. అడిగితే ఫ్యాక్టరీవాళ్ళది ఒకటే మాట: సరుకు గోడౌన్‌లోనే ఉంది, అమ్ముడుపోలేదు. నరికిన చెరకు రెండు రోజులాగితే తూకం పడిపోతుంది, మేమెక్కడ దాచుకోవాలి?

లెక్కలపద్దు (యలహంక): ఇద్దరూ ఒక ముడి వదిలేశారు. 2019 ఫిబ్రవరిలో చక్కెర కనీస అమ్మకం ధర కిలోకి 31 రూపాయలు చేశారు. అప్పుడు చెరకు ఎఫ్ఆర్పీ, అంటే ఫ్యాక్టరీ రైతుకి ఇవ్వాల్సిన కనీస ధర, క్వింటాలుకి 275. 2025–26కి అది 355. (రికవరీ లెక్క, అంటే చెరకులోంచి వచ్చే చక్కెర వాటా, 10 శాతం నుంచి 10.25కి మారింది, ఆ తేడా తీసేసినా పెరుగుదల పెద్దదే.) ఆ సీజన్ మొదలైనప్పుడూ చక్కెర కనీస ధర మాత్రం 31 దగ్గరే ఉంది. ఇక గేటు తీస్తే కొనేదెవరు? 2025 చివర్లో బయట ధర పౌను 15 సెంట్ల చుట్టూ ఉంది, అంటే కిలో 30 రూపాయల లోపు. బ్రెజిల్‌ ఫ్యాక్టరీలు ఏది గిట్టుబాటైతే అటు, చక్కెరకో ఇథనాల్‌కో, రసాన్ని మళ్ళిస్తాయి. మనవాళ్ళు గేటు తీసేసరికి ధర ఉండదు.

చెరకుతోట: ఈ లెక్క చూశాక నా మాట సవరించుకుంటున్నా. పూర్తిగా ఎత్తేయమనను. ఎంత పంపొచ్చో సెప్టెంబర్‌లోనే చెప్పాలి, మధ్యలో మార్చకూడదు. కరువొస్తే?  ఆపండి, కానీ ఆగిన సరుకు పేరు చెప్పి రైతు డబ్బు ఆపొద్దు.

మిఠాయికొట్టు: దీనికి నేనూ సరేనండి. దసరా సరుకు తెచ్చుకునేదీ అప్పుడే, ఎన్ని బస్తాలు చెప్పుకోవాలో నాకూ తెలుస్తుంది.