అండాశయ క్యాన్సర్ ట్రయల్‌లో ఈ ప్రశ్నల ఫారం ఎందుకు?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి):
మా అమ్మ అండాశయ క్యాన్సర్ ట్రయల్‌లో ఉంది. కీమోకి పోయినప్పుడల్లా ఫారం ఇస్తారు, గత వారంలో కడుపు ఉబ్బరంగా ఉందా, చేతులు తిమ్మిరెక్కాయా అని. డాక్టరు బాధపడతారని అమ్మ అన్నిటికీ ‘అస్సలు లేదు’ అని టిక్కు పెట్టేస్తోంది, ఇంట్లో చూస్తే జాకెట్టు హుక్కులు కూడా నేనే పెట్టాలి. దీనివల్ల నష్టమేమైనా ఉందా?

జవాబు (నర్సు, చిత్తూరు):
ఉంది చెల్లీ. అది క్యూఎల్‌క్యూ-సీ30, అంటే క్యాన్సర్ ఉన్నవాళ్లు రోజూ ఎలా ఉంటున్నారో అడిగే ఫారం, దాంతోపాటు అండాశయ క్యాన్సర్‌కే తయారుచేసిన ఓవీ28 అయి ఉంటుంది. చాలా ప్రశ్నలకు 1 (అస్సలు లేదు) నుంచి 4 (చాలా ఎక్కువ) దాకా జవాబు, దాన్ని 0–100 స్కోరు చేస్తారు, సుమారు 10 పాయింట్లు మారితే మనిషికి తేడా తెలిసేంత మార్పని తరచూ లెక్కేస్తారు. అన్నిటికీ ‘అస్సలు లేదు’ అంటే అమ్మ బాధ ఆ స్కోరులో కనపడదు. హుక్కుల సంగతి ఫారంతో వదిలేయొద్దు, పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఇస్తుంటే నరాలు దెబ్బతినొచ్చు, డాక్టరుకి నోటితో చెప్పండి, అవసరమైతే డోసు తగ్గిస్తారు.

జవాబు (తిరుపతి):
అక్క చెప్పింది నిజం. ఇంకోటి, బాగా నీరసించినవాళ్లు ఫారమే నింపరు, మిగిలినవాళ్ల సగటు చూస్తే మందు పడుతున్నట్టే కనిపిస్తుంది, ఇది నాకు చాలా అన్యాయం అనిపిస్తుంది. అమ్మకి ఓపిక లేకపోతే మీరు చదివి వినిపించండి, జవాబు మాత్రం ఆమెదే కావాలి.

ప్రశ్న అడిగినవారు:
సరే అక్కా, ఈసారి లోపలికి నేనూ పోయి చెప్తాను.