ఐదు రూపాయల భోజనం వరుసలో విద్యార్థులు నిలబడవచ్చా?

తార్నాక నుంచి
నేను ఎం.ఏ. చదువుతున్నాను. హైదరాబాద్‌లో అద్దె గదిలో ఉంటాను. మధ్యాహ్నం నగరపాలక సంస్థ క్యాంటీన్‌లో ఐదు రూపాయలకు తింటాను. 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలైంది, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్ అంటున్నారు. "అది అడ్డా కూలీల అన్నం. ఇంటి నుంచి డబ్బు తెచ్చుకునే నువ్వు తినకూడదు" అని గదిలోని మిత్రుడు గట్టిగా వాదించాడు. నాకు తప్పనిపించడం లేదు. మీ అభిప్రాయం చెప్పండి.

నల్లకుంట పాఠకుడు
మీ మిత్రుడి మాటే నాకు సబబుగా ఉంది. మీకు పన్నెండున్నరకు తరగతి అయిపోతుంది. స్లాబు పని మీద ఉన్న మనిషికి మేస్త్రీ వదిలితేనే భోజనం. అతను వచ్చేసరికి గిన్నెలు ఖాళీ అయితే, ఆ పూట హోటల్లో ప్లేటు భోజనానికి కూలిలో ఎంత పోతుందో లెక్క వేయండి. ఇంకొక మాట. కొందరు విద్యార్థులు ఇక్కడ ఐదు రూపాయలకు తిని, సాయంత్రం కేఫ్‌లో రెండు వందలు పెట్టి కాఫీ తాగుతారు. వారి గురించి ఏమంటారు?

చిక్కడపల్లి గ్రంథాలయం
నల్లకుంట గారూ, కేఫ్‌కు వెళ్లే వారిని చూపి అందరినీ వరుస నుంచి తప్పించకండి. గ్రూప్స్‌కు చదివేవారిలో ఇంటికి ఫోను చేసి డబ్బు అడగడానికి మొహం చెల్లనివారు ఎందరో ఉన్నారు. అన్నం, కూర, సాంబారు, పచ్చడి కడుపునిండా దొరికే చోటు ఇదొక్కటే. ఈ పథకంలో నాకు అన్నిటికన్నా నచ్చేది, అక్కడ ఎవరినీ కార్డు అడగకపోవడం. రేపు "అర్హులు ఎవరు" అని తేల్చడం మొదలైతే మొదట వెనక్కి పంపేది విద్యార్థిని కాదు. ఇక్కడి రేషన్ కార్డు లేని ఒడిశా, బీహార్ కూలీని.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ అమ్మాయి
మీరంతా మధ్యాహ్నం దగ్గరే ఆగిపోయారు. రాత్రి మాటేమిటి? 2024లో ప్రభుత్వం సంక్షేమ వసతి గృహాల్లో కాలేజీ విద్యార్థులకు డైట్ ఛార్జీలను, అంటే భోజన ఖర్చుకు ఇచ్చే డబ్బును, నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచింది. అంటే రోజుకు 70 రూపాయలు. అక్కడ సీటు దొరకక ప్రైవేటు హాస్టల్లో చేరినవారికి ఆ మేలు కూడా లేదు. రాత్రి మెస్‌లో నీళ్ల పప్పు తినలేక బయట బండి దగ్గరికి వెళ్తే, ఒక్క పూటకే ఆ డెబ్బై దాటిపోతుంది.

కాఫీ సంగతి వేరు. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ గంట కూర్చోవడం మగపిల్లలకు మామూలే. మాకు అలా కుదరదు. కూర్చుని చదువుకోవడానికి చోటు కావాలి కాబట్టి కొందరు కేఫ్‌కు వెళ్తారు, ఆ రెండు వందల్లో సగం కుర్చీకే. మా గదిలో ఆ ఖర్చు లేదు: స్టీలు ఫిల్టరు కొన్నాం. దానికి పొయ్యి అక్కర్లేదు, మరిగిన నీళ్లుంటే డికాక్షన్ దిగుతుంది. పాలు హాస్టల్ వంటగదిలో కాచినవే. బ్రెజిల్, వియత్నాంలలో కరవు వచ్చాక పొడి ధర బాగా పెరిగింది, అందుకే చికోరీ కలిపినది తెస్తున్నాం. అయినా బయటి కాఫీకన్నా చాలా చౌక.

నల్లకుంట పాఠకుడు
కార్డు గురించి చిక్కడపల్లి గారు చెప్పింది నిజమే, తనిఖీ వద్దు. కానీ ఆలస్యంగా వచ్చే కూలీకి అన్నం మిగలాలన్న నా మాట నుంచి కదలను. విద్యార్థులు కాసేపు ఆగి వెళ్లలేరా?

తార్నాక నుంచి
ఆగగలను, రేపటి నుంచి ఒకటిన్నరకు వెళ్తాను. ఆ వేళకు అయిపోతే ఆ పూట అరటిపండ్లతో సరిపెట్టుకుంటాను. అయితే ఆగడం మన వంతే ఎందుకు కావాలి? గిన్నెలు ఎన్నింటికి ఖాళీ అవుతున్నాయో వారం రోజులు రాసిపెట్టి, భోజనాలు పెంచమని సర్కిల్ కార్యాలయంలో అర్జీ ఇద్దాం. రాత్రి భోజనం కూడా అందులో అడుగుదాం. నల్లకుంట గారూ, మీరు సంతకం చేస్తారా?

నల్లకుంట పాఠకుడు
చేస్తాను. కూలీలతో కూడా చేయించండి.