సమస్యాపూరణం: కొండఁ గూల్చువాఁడె గుడికి హితుఁడు

నాగావళి గట్టు (నిర్వాహకుడు): ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం పైన ఇచ్చాను. దత్తాంశం బైబిల్లోని యెషయా గ్రంథం, 40వ అధ్యాయం, 3, 4 వచనాలు. ఎడారిలో దేవుడికి బాట వెయ్యమన్న కేక. మతం మీద వాదులాట వద్దు, పద్యం మీద ఎంతైనా పర్వాలేదు.

టెక్కలి రాయి: ఏటి గురువుగారూ, మావైపు కొండల్ని గ్రానైట్ క్వారీలు తినేస్తుంటే మీరిచ్చిన పాదమా ఇది! ఒళ్లు మండింది. అయినా ఆలోచిస్తాను.

బొబ్బిలి వీణ:
నేను నాది యనెడి నిక్కు గుట్టగ లేచె
దారి మూసె నదియె దైవమునకు
గుండె గుడియె కాదె! కూడిన గర్వపుఁ
గొండఁ గూల్చువాఁడె గుడికి హితుఁడు.

నాగావళి గట్టు: 'దారి మూసె నదియె' హాయిగా పడింది. గణాలూ, యతులూ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) సరే. కానీ ఈ పద్యం ఏ పురాణ కాలక్షేపంలోనైనా చదివెయ్యొచ్చు, యెషయా ఎక్కడ? ఆ మాట పుట్టింది చెరలో ఉన్న యూదు జనం కోసం. యెరూషలేము గుడిని బబులోనువాళ్లు క్రీ.పూ. 586లో తగలబెట్టేశారు. లేని గుడికి హితుడెవడన్నది ఈ సమస్యలో అసలు ముడి. మీరు గుండెని గుడి చేసి సగం విప్పారు.

ఆముదాలవలస కుర్రాడు: మొదటిసారి రాస్తున్నాను, తిట్టకండి.
అడవిలోన నొక్క కేక వినంబడె
రాజు వచ్చు ననుచు, రండి రండి!
మెరక నడఁచి బాట మేలుగాఁ జేయుచుఁ
గొండఁ గూల్చువాఁడె గుడికి హితుఁడు.

నాగావళి గట్టు: తిట్టను గానీ, మొదటి పాదంలో యతి తప్పింది. 'అ'కి 'కే' ఎలా కలుస్తుంది? 'యార్పు వినంబడె' అనండి, సరిపోతుంది. 'మెరక' మాత్రం మన పొలంలోంచి వచ్చిన మాట, ముచ్చటేసింది. విజయనగరంలో సిరిమాను ఉత్సవం ముందు మూడు లాంతర్ల దగ్గర రోడ్డు బాగుచేసే హడావిడి కళ్లకు కట్టింది. మెరక సరే, పల్లం ఏదీ? మూలంలో లోయే ముందు, కొండ తరవాత.

టెక్కలి రాయి: అదే నాకూ దొరికింది.
గుంత పూడ్చకుండఁ గొండఁ గూల్చిన నేమి
రెండు బట్టలున్న నొండు నిచ్చి
రాళ్లతోడఁ బేద రాతపల్లము నింపఁ
గొండఁ గూల్చువాఁడె గుడికి హితుఁడు.

బొబ్బిలి వీణ: 'పూడ్చకుండ' వాడుక మాట కదా, 'పూడ్పకుండ' అనాలేమో. రెండు బట్టలెక్కడివి? యెషయాలో లేవే.

టెక్కలి రాయి: లూకా సువార్త మూడో అధ్యాయం. ఆ కేక బాప్తిస్మమిచ్చే యోహానుదని నాలుగు సువార్తలూ అంటాయి గానీ, లోయా కొండా దాకా ఎత్తి రాసినవాడు లూకా ఒక్కడే. జనం 'మేమేం చెయ్యాలి' అనడిగితే యోహాను రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇమ్మన్నదీ అక్కడే. కూల్చిన రాయి లారీకెక్కి పోతే క్వారీ, పక్క గుంతలో పడితే బాట.

నాగావళి గట్టు: ఈ వారం మీదే. 'పూడ్చకుండ'ని ఒగ్గెయ్యండి వీణగారూ, 'పూడ్ప' అంటే మా వీధిలో ఎవడికీ అర్థం కాదు. 'రాతపల్లం' నేను ఎక్కడా వినలేదు, దాచుకుంటాను.

ఆముదాలవలస కుర్రాడు: గురువుగారూ, వారి రెండో పాదంలో 'రె'కి 'నొ' కుదరలేదు. నన్ను మాత్రం పట్టుకున్నారు!

నాగావళి గట్టు: అది ప్రాసయతి బాబూ, మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలుస్తుంది, 'రెండు'కి 'నొండు'. ఆ కన్నుతోనే తమరి మొదటి పాదం కూడా చూసుకోండి, 'కేక' ఇంకా అలాగే ఉంది.