ఇల్లు మారాక స్టీరియోలో పాట పలచబడింది, ఆంప్లిఫయర్ మార్చాలా?

కృష్ణలంక శ్రోత:

నమస్కారం. 1988లో జీతం బకాయిలు ఒక్కసారిగా చేతికి వస్తే, ఫ్రిజ్ కొందామన్న మా ఆవిడ మాట తోసిపుచ్చి స్టీరియో కొన్నాను. ఒక ఆంప్లిఫయర్, రెండు చెక్కపెట్టెల స్పీకర్లు, ఒక రికార్డు ప్లేయర్. సీడీ ప్లేయర్ తరువాత వచ్చి చేరింది. ఆ ఫ్రిజ్ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది, అది వేరే విషయం.

కృష్ణలంకలోని పెంకుటింట్లో అది ఇన్నేళ్లూ ఏ లోటూ లేకుండా పాడింది. ఆరు నెలల క్రితం అపార్ట్‌మెంటుకు మారాం. అప్పటి నుంచి పాట పాటలా లేదు. మృదంగంలో కుడిచేతి దెబ్బ స్పష్టంగానే ఉంది కానీ, తొప్పి వైపు ‘తోం’ అట్టపెట్టెను తట్టినట్టు వినిపిస్తోంది. ఇంతకుముందు పాడే మనిషి రెండు స్పీకర్ల నడుమ కూర్చున్నట్టు ఉండేది. ఇప్పుడు గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. ‘స’, ‘శ’, ‘చ’ వచ్చినప్పుడల్లా చెవిలో గుండుసూది గుచ్చుకున్నట్టు ఉంటోంది. ఇవి చాలవన్నట్టు, రికార్డు ప్లేయర్ వైపు మీట తిప్పగానే తుమ్మెద దూరినట్టు ఒకటే ఝుంకారం.

గది 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. నేలకు నున్నటి టైల్స్, ఒక పక్క నిలువెత్తు అద్దాల తలుపు. గోడల మీద క్యాలెండరు తప్ప మరేమీ లేదు. స్పీకర్లు టీవీ షోకేసు అరల్లో, టీవీకి అటొకటి ఇటొకటి ఇరికించి ఉన్నాయి. సోఫా ఎదురు గోడకు ఆనించి ఉంది. వైర్లన్నీ సామాను దించిన రోజున ఎలక్ట్రీషియన్ కుర్రాడు కలిపి వెళ్లాడు.

దుకాణంలో అడిగితే, వస్తువును చూడకుండానే ‘దాని కాలం అయిపోయింది సార్’ అని 62 వేల రూపాయల కొత్త ఆంప్లిఫయర్ చూపించారు. పింఛను మీద బతికేవాణ్ణి. నిజంగా మార్చక తప్పదా?

వెన్నెల రాత్రి:

ఆంప్లిఫయర్ కంటే ముందు వైర్లు మార్చి చూడండి. నేను మీటరు 1,800 రూపాయల స్పీకర్ వైరు వేయించాక పాటకు అడ్డంగా ఉన్న తెర తీసేసినట్టయింది. ఇక ఆ ఝుంకారానికి చిట్కా సులువు. ఆంప్లిఫయర్ మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న లావు పిన్ను తీసేయండి. మా ఇంట్లో అలాగే పోయింది.

స్టూడియో తాత:

పై సలహాలో రెండో సగాన్ని దయచేసి ఎవరూ పాటించవద్దు. ఆ లావు పిన్ను ఎర్తు. లోపల ఎక్కడైనా తీగ తెగి ఇనుప డబ్బాకు తగిలితే, ఆ కరెంటును భూమిలోకి పంపి మన ప్రాణం నిలబెట్టేది అదే. ఝుంకారం పోయిందని సంతోషిస్తూ ఆంప్లిఫయర్ మీద చెయ్యి వేసిన రోజున అసలు సంగతి తెలుస్తుంది. వెన్నెల రాత్రి గారూ, మీరు కూడా ఆ పిన్ను ఈ రోజే తిరిగి పెట్టించండి.

మొదటి సగానికి లెక్క చెబుతాను. 1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి వైరు ఐదు మీటర్లు వేస్తే, పోవడానికీ రావడానికీ కలిపి పది మీటర్లు. దాని నిరోధం సుమారు 0.12 ఓములు. స్పీకర్‌ది 8 ఓములు, దాని ముందు ఇది లెక్కలోకి రాదు. ఇంటి వైరింగుకు వాడే అసలైన రాగి వైరు చాలు. రాగి పూత పూసిన అల్యూమినియం వైరును రాగి అని అంటగడతారు, ఆ ఒక్కటీ చూసుకోండి. మీటరుకు 1,800 పెట్టినవారికి తేడా వినిపించకపోతేనే ఆశ్చర్యపడాలి!

శ్రోత గారూ, రేడియో స్టూడియోలో 29 ఏళ్లు పనిచేసిన చెవులతో మీ ఉత్తరం చదివాను. తొప్పి పలచబడింది, గొంతు నడుమ నిలవడం లేదు అన్నారు. ఈ రెండూ కలిసి వస్తే నేను మొదట అనుమానించేది ఆ కుర్రాడి చేతిపనినే. ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారు అయి ఉంటాయి. అప్పుడు ఒక స్పీకర్ కోన్ (గాలిని తోసే గరాటు లాంటి అట్ట) ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతుంది. ఒకటి తోసిన గాలిని ఇంకొకటి లాగేసుకుంటుంది, మంద్రం అక్కడికక్కడే చెల్లిపోతుంది. పై స్వరాలకు అంత నష్టం జరగదు కాబట్టి కుడిచేతి దెబ్బ మీకు బాగానే వినబడుతోంది.

పరీక్షకు 1960ల నాటి మోనో పాట ఏదైనా పెట్టండి. రెండు స్పీకర్లలోనూ వచ్చేది ఒకటే కాబట్టి, గొంతు సరిగ్గా నడుమ నుంచి రావాలి. ఇంకా నమ్మకం కుదరకపోతే, ఆంప్లిఫయర్ కట్టేసి దాని వెనక స్పీకర్ వైర్లు ఊడదీయండి. టార్చిలైటులో వేసే ఒకటిన్నర ఓల్టుల బ్యాటరీ తెచ్చి, ప్లస్ వైరును దాని ప్లస్‌కు, మైనస్ వైరును మైనస్‌కు ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి రావాలి. లోపలికి పోతే ఆ స్పీకర్ వైర్లు తిరగేసినట్టే.

ఝుంకారం కూడా బహుశా అక్కడిదే. రికార్డు ప్లేయర్ నుంచి రెండు ఆడియో తీగలతో పాటు, చివర కొక్కెం ఉన్న సన్నటి తీగ ఒకటి వస్తుంది. అది ఆంప్లిఫయర్ వెనకున్న ఎర్తు మరకు బిగించాలి. రికార్డు సూది నుంచి వచ్చే సంకేతం నాలుగైదు మిల్లీవోల్టులే, సీడీ ప్లేయర్ ఇచ్చేది రెండు ఓల్టుల దాకా ఉంటుంది. అంత బక్క సంకేతాన్ని వందల రెట్లు పెంచేటప్పుడు ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ రొద కూడా దానితో పాటే పెరుగుతుంది.

వైర్లు సరిచేశాక మీకు కొత్త కష్టం మొదలవుతుంది, ముందే చెబుతున్నాను. మంద్రం మరీ ఎక్కువై గుమ్ముమంటుంది. షోకేసు అరలు, గోడకు ఆనించిన సోఫా దానికి కారణం. మీ 14 అడుగుల గదిలో సుమారు 40 హెర్ట్జ్ దగ్గర గాలి ఉయ్యాల ఊగినట్టు ఊగుతుంది, ఆ ఊపు గోడల దగ్గరే ఎక్కువ. స్పీకర్లను అరల్లోంచి దించి స్టూళ్ల మీద, పెట్టెలో పై స్వరాలు పలికే చిన్న స్పీకర్ మీ చెవి ఎత్తుకు వచ్చేలా, వెనక గోడకు రెండడుగుల దూరంలో పెట్టండి. రెండింటి నడుమ ఎంత దూరమో, వాటి నుంచి మీకు కూడా దాదాపు అంతే ఉండాలి. సోఫాను ముందుకు జరపండి, కానీ సరిగ్గా గది నడిమికి తేవద్దు. అక్కడ ఆ మంద్రం మాయమవుతుంది.

చివరగా, గదిలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. రేకు డబ్బాలో కొట్టినట్టు మోగితే, నేల మీద జంపఖానా పరిచి, అద్దాలకు మందపాటి తెర వేయండి. మీ పాత ఇంట్లో పుస్తకాల బీరువా, పరుపుల దొంతర, పెంకుల కింద దూలాలు ఈ పని చేసి ఉంటాయి.

డాలస్ బాబాయి:

మా ఇంట్లో ఇబ్బంది దీనికి సరిగ్గా తలకిందులు. చెక్క గోడలు, గోడ నుంచి గోడ దాకా తివాచీ. వీణ తీగ మీద మెరుపు ఉండదు, పాట కంబళి కప్పుకున్నట్టు ఉంటుంది. చివరికి తివాచీ సగం చుట్టేశాను. కాబట్టి ఉన్న దుప్పట్లన్నీ ఒకేసారి కట్టేయకండి, ఒక్కొక్కటే వేసి వినండి. గుడ్ల అట్టలు అంటించమని ఎవరైనా చెబితే నమ్మకండి. గుంటూరులో చదువుకునే రోజుల్లో గది నిండా అంటించాం. మంద్రం ఏమాత్రం తగ్గలేదు, బొద్దింకలు మాత్రం వచ్చాయి.

కృష్ణలంక శ్రోత:

తాతగారూ, ఎడమ స్పీకర్ కోన్ లోపలికి పోయింది! వైరుకు ఒక అంచున ఎర్ర గీత ఉంది, ఆ కుర్రాడు దాన్ని పట్టించుకోలేదు. తిరగేసి బిగించి పాత పద్యం పెట్టాను. గొంతు టీవీ నడిమికి వచ్చి కూర్చుంది. వంటింట్లోంచి మా ఆవిడ ‘ఎవరొచ్చారు?’ అని అడిగింది.

సన్న తీగ సామాను పెట్టెలో మరల సంచితో పాటు దొరికింది. బిగించాక ఝుంకారం పూర్తిగా పోలేదు గానీ, చెవిని స్పీకర్‌కు ఆనిస్తే తప్ప తెలియడం లేదు.

మీరు చెప్పినట్టే మంద్రం మొదటి రోజు షోకేసు అద్దాలను వణికించింది. స్పీకర్లు ఇప్పుడు రెండు టేకు స్టూళ్ల మీద ఉన్నాయి. సోఫా రెండడుగులు ముందుకు వచ్చింది. దాని వెనక నుంచి చీపురు సులువుగా పోతుంది కాబట్టి ఇంట్లో అభ్యంతరం రాలేదు. జంపఖానాకు ఒప్పుకున్నారు. గోడకు బొంత వేలాడదీయడానికి మాత్రం అనుమతి దొరకలేదు, బదులుగా పుస్తకాల బీరువా పడకగదిలోంచి హాల్లోకి వచ్చింది. మిగిలిన 62 వేలకు ఫ్రిజ్ పేరు అప్పుడే వినిపించింది.

ఒక్కటే మిగిలింది. సీడీలో ‘స’, ‘శ’ ఇప్పుడు మెత్తగా ఉన్నాయి. రికార్డు పెడితే మాత్రం ఇంకా గుచ్చుతున్నాయి, ప్రతి వైపు చివరి పాటలో మరీ ఎక్కువ. సూది చివరిసారి 2009లో మార్చాను.

స్టూడియో తాత:

అయితే ఇక గదిని అనవద్దు, సూదినే అనాలి. చివరి పాటలు లేబులుకు దగ్గరగా ఉంటాయి. అక్కడ ఒక్కో చుట్టుకు సూది కింద నడిచే గాడి పొడవు తక్కువ, అదే పాట ఇరుకులో కుదించి ఉంటుంది. అరిగిన సూది ఆ మెలికల్లో తిరగలేదు. కార్ట్రిడ్జి, అంటే సూదిని పట్టి ఉంచే చిన్న డబ్బీ, దాని మీద ఉన్న నంబరు రాసుకుని, దానికి సరిపోయే సూదే తెప్పించండి. చాలావాటికి ముందుకు లాగితే పాతది ఊడి వస్తుంది. బిగించాక, బంగారం తూచే లాంటి చిన్న డిజిటల్ త్రాసు మీద సూదిని ఆనించి బరువు చూడండి. ఒకటిన్నర, రెండు గ్రాముల దగ్గర అడిగేవి ఎక్కువ. మీ కార్ట్రిడ్జి కాగితంలో ఎంత ఉంటే అంత పెట్టండి. బరువు తగ్గిస్తే రికార్డుకు మంచిదనుకుంటారు గానీ, మరీ తేలికైతే సూది గాడిలో ఎగిరెగిరి పడి ఇంకా పాడుచేస్తుంది.

కొత్త సూది వచ్చేదాకా ఇష్టమైన రికార్డులు బయటికి తీయకండి. పొద్దున భక్తిరంజని ఎలాగూ ఉంది.