అడవి కాపాడితే ఎకరాకు డబ్బిస్తామంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

అడవి_అంచు:
మాది ఎర్రావారిపాలెం వైపు, శేషాచలం కింద 80 ఇళ్ల ఊరు. ఒక సంస్థ వచ్చి 200 ఎకరాల అడవికి ఎకరాకు ఏడాదికి 500 ఇస్తామంటోంది. కట్టెలు కొట్టకూడదు, మేకలు తోలకూడదు, నిప్పు పెట్టకూడదు. కాగితం ఐదేళ్లకు. మామిడి తోటలోళ్లు సరే అంటున్నారు, మేకలోళ్లు ససేమిరా అంటున్నారు. ఇలాంటివి వేరేచోట్ల ఎలా నడిచాయి? కాగితంలో ఏముండాలి?

పట్టా_పహాణీ:
ముందు ఆ 200 ఎకరాలు ఎవరివో తేల్చండి. రిజర్వు ఫారెస్టయితే అది ప్రభుత్వానిది. వన సంరక్షణ సమితి (అటవీ శాఖతో కలిసి అడవిని కాపాడే ఊరి సంఘం) కాపలా కాయగలదు గానీ, ఆ అడవి మీద బయటివాళ్లతో బేరం కుదుర్చుకోలేదు. అటవీ శాఖ సంతకం లేని కాగితం చెల్లదు. ఊరికే హక్కు కావాలంటే 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ వనరుల క్లెయిము వేయాలి: ఫారం-సి, గ్రామసభ తీర్మానం, తర్వాత సబ్‌డివిజన్ కమిటీ, ఆపైన జిల్లా కమిటీ. ఎస్టీలు కానివాళ్లు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవి మీద ఆధారపడి అక్కడే ఉన్నట్టు చూపాలి. చాలా క్లెయిములు అక్కడే ఆగిపోతాయి.

లెక్కలపద్దు:
మేకలోళ్ల మాటలో న్యాయముంది. 200 ఎకరాలకు 500 చొప్పున లక్ష, 80 ఇళ్లకు పంచితే ఇంటికి 1,250. నెలకు నూరు రూపాయల చిల్లర! ఒక్క మేకపోతును అమ్మినా అంతకంటే ఎక్కువే వస్తుంది. తోటలోళ్లకు పోయేదేం లేదు, అందుకే సరే అంటున్నారు. కోస్టారికాలో 1997 నుంచి పెట్రోలు, డీజిలు పన్ను డబ్బుతో ఇలాగే ఇస్తున్నారు. ఎవరూ కొట్టబోని అడవికే డబ్బు ఎక్కువ పోతోందని అక్కడ పాత ఫిర్యాదు.

మెక్సికోలో 2003 నుంచి డబ్బు ఉమ్మడి భూముల సభలకు పోతుంది. భూమిలో వాటా ఉన్నోళ్లు పంచుకుంటారు, వాటా లేని కూలోళ్లకు కట్టెలూ పాయె, డబ్బూ లేదు. మీ ఊళ్లో యానాదులుంటే ఇది ముందే చూసుకోండి. ఉగాండాలో 121 ఊళ్లలో పరీక్షించారు. హెక్టారుకు ఏడాదికి 70,000 ఉగాండా షిల్లింగులు ఇచ్చిన ఊళ్లలో రెండేళ్లలో చెట్లున్న విస్తీర్ణం 4.2 శాతం తగ్గింది, ఇవ్వని ఊళ్లలో 9.1 శాతం. కాబట్టి డబ్బు పనిచేయదనలేం. అయినా అర్హులైనవాళ్లలో మూడో వంతు మందే చేరారు. ఇది భూమి లాక్కునే ఎత్తేమోనని కొందరు దూరం జరిగారు.

నిమ్మగడ్డి:
అడవి నిలిచిందో లేదో ఎలా కొలుస్తారో రాయించండి. మనది ఆకు రాలే అడవి. డిసెంబరు ఉపగ్రహ చిత్రాన్ని ఏప్రిల్ చిత్రంతో పోలిస్తే చెట్లన్నీ మాయమైనట్టు కనిపిస్తుంది, డబ్బు కోసేస్తారు. రెండూ ఒకే నెలవి కావాలి. కింద మేకలు కొరికేసిన మొలకలు పైనుంచి కనపడవు, వాటికి నేల మీద 10×10 మీటర్ల గడులు వేసి, ఊరోళ్ల ఎదుటే లెక్కపెట్టాలి.

ఎర్రచందనం దొంగలు నరికిన చెట్లు, బయటోళ్లు పెట్టిన నిప్పు ఊరి లెక్కలో పడకూడదు, ఈ ముక్క లేని కాగితం మీద వేలిముద్ర పెట్టొద్దు. ఫైర్‌లైన్లు (నిప్పు పాకకుండా గడ్డి తీసేసే పట్టీలు) జనవరిలోపే, గడ్డి పూర్తిగా ఎండకముందే కోయాలి. ఆ కూలి ఎకరాకిచ్చే 500లో కలపనీయకండి.

అడవి_అంచు:
సరే, మరి మేకలోళ్లను ఒప్పించేదెట్లా?

లెక్కలపద్దు:
మొత్తం మూసేయొద్దు. 200 ఎకరాల్ని నాలుగు ముక్కలు చేసి, మూడేళ్లకోసారి మార్చేట్టు ఒక ముక్కే మూయండి. నష్టపరిహారం మంద లెక్కన వేరుగా ఇవ్వండి, మిగిలింది ఇంటి లెక్కన సమానంగా. పశుగ్రాసం మోపులకు డబ్బు ముందే పెట్టండి, ఏడాది చివర్న ఇస్తే అప్పటికే మేకలు పక్క ఊరి అడవిలో ఉంటాయి, గొడవ అటు పోతుంది.

పట్టా_పహాణీ:
డబ్బు ఏ తారీఖున పడుతుందో కూడా రాయించండి. ఆరు నెలలు ఆలస్యమైతే కొడవళ్లు మళ్లీ కొండెక్కుతాయి.