నిమ్మ పూత రాలిపోతోంది, ఎవరైనా చెప్పండి!

మేడమీది తోట (మారతహళ్ళి, బెంగళూరు): పొద్దుటి నుంచి ఇదే పని. దొరికిన వీడియోలన్నీ చూశాను. ఒకాయన నీళ్ళు ఎక్కువయ్యాయంటాడు, ఇంకొకాయన తక్కువయ్యాయంటాడు. మా నిమ్మ ఈ ఫాల్గుణంలో విరగబూసింది. మెట్లెక్కుతుంటేనే వాసన. తీరా చూస్తే పిందె కట్టకుండానే పూతంతా కింద పడుతోంది. పురుగు కనబడదు. ఎండ తగులుతుంది, ఎరువు వేశాను, నీళ్ళు రోజూ పోస్తున్నాను. వేప కషాయం, పుల్ల మజ్జిగ కూడా అయ్యాయి. దయచేసి “ఓపిక పట్టండి” అని మాత్రం రాయకండి.

అంట్ల ఆసామి: అంటు మొక్కా, గింజ మొక్కా?

మేడమీది తోట: లాల్‌బాగ్ దగ్గర నర్సరీలో కొన్నాను.

అంట్ల ఆసామి: అది జవాబు కాదు.

రాయదుర్గం వాడిని: కాగ్జీ నిమ్మకు ఆ ప్రశ్న అంత అవసరం లేదండీ. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదు, నిజమే. నిమ్మ సంగతి వేరు. ఒకే గింజలో ఒకటికి మించి పిండాలుంటాయి, వాటిలో ఎక్కువ భాగం తల్లి చెట్టు లాగే పెరుగుతాయి. మా వైపు తోటల్లో గింజ మొక్కలే ఎక్కువ. అసలు పొరపాటు మీ నీళ్ళలో ఉంది. జనవరి, ఫిబ్రవరిలో వచ్చేది అంబె బహారు పూత. దానికి ముందు చెట్టును బెట్టకు వదిలి, ఆకు వాడాక తడి ఇవ్వాలి. మీరేమో రోజూ పోస్తున్నారు. వెంటనే ఆపండి.

కుండీల కామాక్షి: పూత మీదున్న చెట్టుకు నీళ్ళు ఆపమంటారా! బెట్ట పెట్టేది పూతకు ముందు, అదీ నేలలో పెరిగే చెట్టుకు. నేలలో వేరు లోతుకు దిగి వెతుక్కుంటుంది, కుండీలో ఎక్కడికి పోతుంది?

రాయదుర్గం వాడిని: కుండీ అని ఆయన ఎక్కడ చెప్పారు?

మేడమీది తోట: మేడ మీద కుండీ కాక ఎకరం పొలం ఉంటుందా?

నీటిబొట్టు: అందరూ పూత గురించే మాట్లాడుతున్నారు. 2024 మార్చిలో ఈ ఊళ్ళో తాగునీటిని మొక్కలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది, గుర్తుందా? కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, పైగా ఎత్తుకు తోడుకుంటూ వస్తోంది. దాన్ని మనం పూలకుండీల్లో ఒంపుతున్నాం. బియ్యం కడిగిన నీళ్ళున్నాయి, కూరగాయలు కడిగిన నీళ్ళున్నాయి. మా ఇంట్లో వాన నీరు పట్టే తొట్టి కట్టించి

(పొరపాటున నొక్కాను, మిగతాది తర్వాత రాస్తాను.)

మేడమీది తోట: అయ్యా, మేం తాగునీరు ఎక్కడ పోశాం? ఫిల్టరు వదిలేసే నీళ్ళు బకెట్లో పట్టి అవే పోస్తాం. మా ఇంట్లో చుక్క కూడా వృథా కాదు. ఇది మీరు మెచ్చుకోవలసిన విషయం.

కుండీల కామాక్షి: ఆగండి. ఫిల్టరంటే ఆర్.ఓ. యంత్రమా? దానిలోకి వచ్చేది బోరు నీరా?

మేడమీది తోట: ఆర్.ఓ.నే. ట్యాంకరు నీరు, అంటే బోరుదే అనుకుంటాను.

కుండీల కామాక్షి: ఆకుల కొసలు మాడాయా? మట్టి మీద తెల్లని పొర ఉందా?

మేడమీది తోట: కొసలు మాడింది ఎండకేమో. తెల్లనిది ఉంది. ముగ్గు రాలిందనుకున్నాం.

కుండీల కామాక్షి: అది ఉప్పు. ఆ యంత్రం లవణాలను మాయం చేయదు, వదిలేసే నీళ్ళలోకి నెట్టేస్తుంది. అసలే బోరు నీరు, దాని ఉప్పు ఇంకా చిక్కబడి మీ బకెట్లోకి వస్తోంది. కుండీలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. నిమ్మ జాతి దీన్ని అసలు ఓర్వదు. ఒకసారి కుండీ పరిమాణానికి రెండింతల మంచి నీరు నిదానంగా పోసి అడుగు నుంచి కారనివ్వండి. కింది పళ్ళెం తీసేయండి. కొన్ని వారాలు ఎరువు జోలికి పోవద్దు, అదీ ఉప్పే. మామిడి జల్లులు పడితే కుండీని వానలోకి జరపండి. అయినా పూతంతా నిలవదు. నిలిచేది ఎప్పుడూ కొంతే.

నీటిబొట్టు: రెండింతల మంచి నీరా? నేను ఇంతసేపు మొత్తుకున్నది దేనికి?

కుండీల కామాక్షి: మీ తొట్టిలో వాన నీరు ఉంటే పంపించండి.

అంట్ల ఆసామి: ఎప్సమ్ సాల్ట్ వేస్తే సరిపోతుంది.

కుండీల కామాక్షి: ఉప్పు ఎక్కువైందంటే ఇంకో ఉప్పా!

అంట్ల ఆసామి: అది సేంద్రియం.

రాయదుర్గం వాడిని: కాదు, ఖనిజం. గంధకం కూడా ఖనిజమే, అయినా సేంద్రియ సేద్యంలో వాడనిస్తారు. ఇదే మాట మీద పోయినసారి కూడా కొట్టుకున్నాం.

కె.ఆర్.పురం మల్బరీ: మీరు పోట్లాడుకోండి, మా ఇంట్లో పండుగ మొదలైంది. కొమ్మలు కొట్టేసి ఆకంతా దూసేస్తే కొత్త చివుళ్ళతోపాటే కాయలు పట్టాయి. పిల్లలు బడి నుంచి రాగానే మేడెక్కుతున్నారు. చొక్కాల మరకలు పోవు, అది వేరే బాధ. కొనేముందు రకం అడగండి. వి-1 ఆకు కోసం తీసినది, పట్టుపురుగులకు బాగుంటుంది, మనకు కాదు.

మేడమీది తోట: సరే, ఈ సాయంత్రం కుండీ కడుగుతాను. ధన్యవాదాలు. మల్బరీ వారూ, ఒక కొమ్మ ఇస్తారా?

కె.ఆర్.పురం మల్బరీ: తప్పకుండా. మూడు నాలుగు కణుపులున్న ముక్క గుచ్చితే చాలు, వేరు పడుతుంది. ఆదివారం రండి.

అంట్ల ఆసామి: నాకూ ఒకటి.